మావయ్య మోటారు: తెగిన మౌంటు రబ్బర్లు, 61 రోజుల గడువు

ఏప్రిల్ 20, ఆదివారం

మావయ్య వాళ్ళది కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే దారిలో సముద్రం ఒడ్డు ఊరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మోటారు బోట్లకి వేట బంద్. ఇప్పుడు ఊరంతా రిపేర్లే. ఒకళ్ళు వలలు ముందేసుకుని కూర్చున్నారు, ఒకళ్ళు ఫైబరు పగుళ్ళకి రెజిను పూస్తున్నారు. మావయ్య మాత్రం నాకు ఫోన్ చేశాడు.

"అల్లుడూ, మోటారు ఊగిపోతోందిరా. రోజంతా హ్యాండిల్ పట్టుకుంటే రాత్రి అన్నం ముద్ద కూడా చేతిలో వణుకుతోంది."

నేను చదివింది డిప్లొమా మెకానికల్, చేసేది ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్. మా చుట్టాల దృష్టిలో కుట్టుమిషను నుంచి కారు దాకా అన్నీ నా సబ్జెక్టే. అవుట్‌బోర్డ్ మోటారు, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజను, పూర్తిగా విప్పడం మాత్రం ఇదే మొదటిసారి. అందుకే ఈ డైరీ. రేపు ఇంకొకళ్ళు ఇదే పనికి కూర్చుంటే నేను చేసిన తప్పులు వాళ్ళు చెయ్యరు.

మోటారు 9.9 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్ మీదికి మార్చే రకం. 2004 డిసెంబరు సునామీ తర్వాత తీరం ఊళ్ళకి ఫైబరు బోట్లూ ఇలాంటి మోటార్లూ చాలా వచ్చాయి. ఇది అప్పట్లో ఎవరికో వచ్చి, రెండు చేతులు మారి మావయ్య దగ్గర స్థిరపడింది. కంపెనీ పేరు రాయను. ఇన్నేళ్ళు ఉప్పునీళ్ళలో పని చేసిన మిషను మీద ఫిర్యాదు చెయ్యడానికి నోరు రాదు.

మూత తీసి, హ్యాండిల్ కొస పట్టుకుని కిందికీ మీదికీ ఆడించాను. కొస దగ్గర 45 మిల్లీమీటర్లు లూజు. స్కేలు పెట్టి కొలిచాను, కంటి అంచనా కాదు. ఇంజను తల వెనక్కి వాలి ఉంది. గేరు వేస్తే ఠంగుమని ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు.

బోటుకి బిగించిన బ్రాకెట్టుకీ, ఇంజను మోసే కాలుకీ మధ్య నాలుగు రబ్బరు మౌంట్లుంటాయి. పైన రెండు, కింద రెండు. మోటారు మొత్తం బరువూ, ప్రొపెల్లరు తోపూ, ఇంజను వణుకూ అన్నీ ఈ నాలుగింటి మీదుగానే బోటుకి చేరాలి. కుడివైపు పై మౌంటులో రబ్బరు లోపలి స్టీలు స్లీవు (బోల్టు దూరే గొట్టం) నుంచి పూర్తిగా ఊడిపోయింది. ఎడమది సగం దాకా చీలింది. కింది రెండూ గట్టిపడ్డాయి కానీ పట్టు వదల్లేదు.

కుడి మౌంటు వెనకాల మావయ్య చేసిన నాటువైద్యం కనబడింది. లారీ టైరు నుంచి బిళ్ళ కోసి, దాని వెనక చేతితో కొట్టిన పెద్ద ఇనప వాషరు వేసి, బోల్టు తల కింద బిగించాడు. టైరు బిళ్ళ ఒక పక్క అరిగి ఏటవాలుగా అయింది. ఇది కాక ఇంజను నుంచి బోటు చెక్కకి ఒక నైలాను తాడు.

"ఇదెప్పుడు పెట్టావు మావయ్యా?"

"రెండేళ్ళవుతోంది. నువ్వు అప్పుడు ఎగ్జామ్ టెన్షన్‌లో ఉన్నావు కదా, పిలవలేదు."

నవ్వొచ్చింది. ఆ బిళ్ళ తీసి పక్కన పడేశాను. తర్వాత దాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది, ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఏప్రిల్ 27, ఆదివారం

విడిభాగాల షాపులో అడిగితే ఈ మోడల్ మౌంట్లు రావడం ఆగిపోయి చాలా ఏళ్ళయిందన్నారు. బయటి దేశం నుంచి తెప్పిస్తే జత 11,000 రూపాయలు, ఆరు వారాలు, అది కూడా "వస్తే". మావయ్య ఆ మాట విని ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే జవాబు.

పై మౌంట్లు బయటికి రావాలంటే మా మోడల్‌లో ఇంజను తల ఎత్తాలి. దాని బోల్టులు ఉప్పుకి అల్యూమినియంలో కరుచుకుపోయాయి. అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ బోల్టు పెట్టి ఉప్పునీళ్ళు తగిలిస్తే మధ్యలో తెల్లటి పొడి పేరుకుంటుంది, అది సిమెంటు కన్నా మొండిది. ముందు రోజు రాత్రే గేర్ ఆయిలూ థిన్నరూ కలిపి ప్రతి బోల్టు మొదట్లో చుక్కలు వేసి ఉంచాను. ఉదయం బ్లో ల్యాంపుతో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేశాను. బోల్టుని కాదు. అల్యూమినియం స్టీలు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. ఐదు వచ్చాయి. ఆరోది తల తెగింది.

తెగిన ముక్క మీద నట్టు పెట్టి, నట్టు మధ్యలో వెల్డింగు పోయించి, ఆ వేడి మీదే మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపితే రెండో ప్రయత్నానికి వచ్చింది. ఈ ఒక్క బోల్టుకి మూడు గంటలు. అత్త మధ్యలో రెండుసార్లు టీ ఇచ్చింది, రెండోసారి "ఆ మోటారుకి కూడా పొయ్యనా?" అంది.

మౌంట్ల కొలతలు: బయటి స్టీలు కప్పు వెడల్పు 44 మిల్లీమీటర్లు, లోపల 40. మధ్యలో స్లీవు 16, దాని లోపల 10 మిల్లీమీటర్ల బోల్టు పట్టే రంధ్రం. పొడవు 50. అంటే స్లీవుకీ కప్పుకీ మధ్య చుట్టూ 12 మిల్లీమీటర్ల రబ్బరు. ఆ రబ్బరు రెండింటికీ కాల్చి అతికించినది, బోల్టు పట్టు ఏమీ లేదు.

కుడి మౌంటు రబ్బరు ఉబ్బి, మెత్తబడి, గోరు పెడితే దిగుతోంది. ఎడమది ఎండిపోయి బీటలు తీసింది. ఒకే వయసు రబ్బర్లు రెండు రకాలుగా ఎందుకు పోయాయా అని ఆ రోజు ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

రాత్రి కాగితం మీద ఒక లెక్క వేశాను. ప్రొపెల్లరు 50 కిలోల బలంతో తోస్తోందనుకుందాం. కింది మౌంట్లకి అది 60 సెంటీమీటర్ల కింద ఉంది. పై మౌంట్లు కింది వాటికి 30 సెంటీమీటర్ల పైన ఉన్నాయి. 50ని 60తో హెచ్చించి 30తో భాగిస్తే 100. పార గడ్డిలో గుచ్చి పెకలించినట్టే: కాలు కింద ముందుకి పోతుంటే తల వెనక్కి వాలుతుంది. పై రెండు మౌంట్ల మీద కలిపి 100 కిలోల లాగుడు, కింది రెండింటి మీద 150 కిలోల నొక్కుడు. ప్రొపెల్లరు తోసే దానికన్నా మౌంట్లు మోసేదే ఎక్కువ. రివర్సులో ఇదంతా తిరగబడుతుంది.

కింది మౌంట్లు గట్టిపడినా నిలిచి, పైవి తెగిపోవడానికి కారణం ఇక్కడే ఉంది. నొక్కుడుని ముసలి రబ్బరు కూడా ఓర్చుకుంటుంది. లాగుడు పడితే అతుకు దగ్గర వదిలేస్తుంది.

మే 4, ఆదివారం

లెక్క అంత బాగా వేసినవాణ్ణి, చేసింది మాత్రం తెలివితక్కువ పని. రబ్బరు తెగింది కదా, తెగనిది పెడదాం అనుకుని లేత్ షాపులో నైలాను కడ్డీ తిప్పించి రెండు గట్టి బుష్షులు, అంటే మధ్యలో రంధ్రం ఉన్న దిమ్మలు, చేయించాను. కొలత అంటే కొలత, చేత్తో నొక్కితే టక్కున కూర్చున్నాయి. హ్యాండిల్ లూజు 45 నుంచి 4కి పడిపోయింది. ఫొటో తీసి స్నేహితులకి పంపించాను కూడా.

200 లీటర్ల డ్రమ్ములో నీళ్ళు నింపి మోటారు తగిలించి స్టార్ట్ చేశాం. ఐదు నిమిషాలకి మూత కొక్కెం ఊడి కింద పడింది. డ్రమ్ము పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ తనంతట తాను నడవడం మొదలుపెట్టింది. మావయ్య హ్యాండిల్ మీద చెయ్యి వేసి, తీసేసి, చేతి వైపు చూసుకున్నాడు.

"పాతదే నయంరా" అన్నాడు. కోపంగా కాదు, జాలిగా. అది ఇంకా కష్టం.

నెమ్మదిగా తిరిగేటప్పుడు నిమిషానికి 900 చుట్లు, అంటే సెకనుకి 15. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ కాబట్టి చుట్టుకి రెండు పేలుళ్ళు, సెకనుకి 30 దెబ్బలు. మౌంటు మీద ఇంజను తనంతట తాను ఊగే వేగం ఈ 30 కన్నా బాగా తక్కువ ఉంటేనే వణుకు బోటుకి చేరకుండా ఆగుతుంది. కనీసం 1.4 రెట్లు తేడా ఉండాలని పుస్తకం లెక్క, అంటే 21 లోపు. నైలాను పెడితే ఆ వేగం ఎక్కడికో పోతుంది, ఇంజనూ బ్రాకెట్టూ ఒకటే ముద్ద అయిపోతాయి. మౌంటు బలంగా ఉంటే చాలదు, ఊగాలి కూడా. చదువుకున్న సంగతే, డ్రమ్ము ముందు గుర్తొచ్చింది.

నైలాను బుష్షులు 300 రూపాయలు. ఒకటి ఇప్పుడు మా ఇంట్లో కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డు పెట్టాం.

మే 11, ఆదివారం

కార్లకి ముందు అద్దం అతికించే పాలీయురితేను గమ్ము ట్యూబు తెచ్చాను, 420 రూపాయలు. పాత కారు ఇంజను మౌంటింగుల చీలికల్లో చాలామంది ఇది నింపుతారు, ఆరితే రబ్బరులాగే ఉంటుంది. పాత రబ్బరు తీసేసి, కప్పూ స్లీవూ గరుకు కాగితంతో రుద్ది, మధ్యలో స్లీవు నిలబెట్టి మొత్తం నింపాను. తెలివిగా ఒక పని చేశాను: మూడోది నమూనాగా ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్కలో కూడా పోశాను, కోసి చూడటానికి.

పాత రబ్బరు తీయడం గురించి ఒక మాట. మొదటి కప్పులోది కాల్చాను. నల్ల పొగ, ఆరేసిన బట్టలన్నీ కంపు, అత్త రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. రెండోదాన్ని బెంచి వైసులో పెట్టి, వెనక పొడుగు సాకెట్టు అడ్డుపెట్టి బిగిస్తే పచ్చడి గిన్నెలోంచి జారినట్టు వచ్చేసింది. కాల్చకండి.

మే 18, ఆదివారం

వారం రోజుల తర్వాత నమూనా కోశాను. పైన చక్కటి రబ్బరు, లోపల టూత్‌పేస్టు.

ఈ గమ్ము గాలిలో తేమ పీల్చుకుని ఆరుతుంది. మొదటి రోజు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు ఆరుతుంది, ఆ ఆరిన పొరే తర్వాత తేమకి అడ్డం పడుతుంది. రెట్టింపు లోతుకి నాలుగు రెట్ల సమయం. నా మౌంటు రెండు చివర్లు తప్ప చుట్టూ ఇనుమే, చివరి నుంచి మధ్యకి 25 మిల్లీమీటర్లు. లెక్క కడితే నెల దాటి పోతుంది. అద్దం కింద పూసే పొరకి సరిపోయే సరుకుని గ్లాసులో పోసి ఆరమంటే అదేం చేస్తుంది?

అదే రోజు మధ్యాహ్నం రెండు సీసాల రకం తీశాను. హైదరాబాదు నుంచి తెప్పించినది, 1,450 రూపాయలు. రెండూ కొలిచి కలిపి పోస్తే తేమతో పని లేకుండా లోపలిదాకా ఒకేసారి గట్టిపడుతుంది. దీనికి తేమ అక్కర్లేదు సరే, తేమంటే పడదు కూడా అన్న సంగతి డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంది. సముద్రం ఒడ్డున, మే నెలలో, చొక్కా ఒంటికి అంటుకునే మధ్యాహ్నం పూట కలిపాను. గట్టిపడే రసాయనం నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడు పుడుతుంది. గంటకి మౌంటు ఇడ్లీలా పొంగింది. కోస్తే లోపల కూడా ఇడ్లీయే.

మిగిలిన సగంతో రాత్రి నా గదిలో ఏసీ వేసి, స్లీవునీ కప్పునీ ముందు ఓవెన్‌లో 60 డిగ్రీలకి వేడి చేసి తేమ తీసేసి మళ్ళీ పోశాను. ఈసారి ఒక్క బుడగ లేదు. తేనెరంగు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. వైసులో పెట్టి స్లీవుని నెట్టాను. చిన్నగా కిర్రుమని జారి బయటికొచ్చింది. లోపల ఎంత బాగున్నా స్టీలుకి అంటుకోలేదు. ఫ్యాక్టరీలో ఇసుకతో కొట్టి, ప్రత్యేకమైన ప్రైమరు రాసి, అచ్చులో వేడీ ఒత్తిడీ పెట్టి అతికించేదాన్ని నేను గరుకు కాగితంతో ముగిద్దామనుకున్నాను.

ఇరవై ఏడు రోజులు మిగిలాయి. ఇప్పటిదాకా తగలేసింది 2,170 రూపాయలు.

మే 25, ఆదివారం

రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఇవాళే మొదలు. పొద్దున ఎనిమిదికే ఇసుక మీద కాలు పెట్టలేకపోయాం. పాకలో కూర్చుని ఆలోచిస్తుంటే మావయ్య ఊరికే అన్న మాట దారి చూపించింది.

"నా టైరు బిళ్ళ రెండేళ్ళు ఎలా ఆగిందిరా మరి?"

నిజమే కదా. నా సరుకులేవీ రెండు గంటలు ఆగలేదు. ఏ గమ్మూ లేని టైరు ముక్క రెండేళ్ళు మోసింది. దాన్ని ఎక్కడ పడేశానో వెతికాం. కోళ్ళగంప కింద దొరికింది. వాషరూ బోల్టూ మళ్ళీ పెట్టి చూశాను. ఇంజను వెనక్కి లాగినప్పుడల్లా కప్పు వెళ్ళి టైరు బిళ్ళని నొక్కుతుంది, బిళ్ళ వాషరుని నొక్కుతుంది, వాషరుని బోల్టు తల పట్టుకుంటుంది. లాగుడంతా నొక్కుడుగా మారిపోయింది. ఏదీ దేనికీ అంటుకోనక్కర్లేదు. నేను నెల రోజులుగా అతుకుని బాగుచేద్దామని చూస్తున్నాను, ఈయన అతుకే లేకుండా చేసేశాడు.

ఈయన పనిలో లోటు రెండే. ముందువైపు బిళ్ళ లేదు కాబట్టి రివర్సులో ఠంగుమంటుంది. మధ్యలో స్లీవుని కప్పుకి నడుమ నిలబెట్టేది ఏదీ లేదు కాబట్టి అది పక్కకి జారి బిళ్ళ ఒక పక్కే అరిగింది.

ఆ మాటే చెప్పాను. "ఆ రెండోది నాకు తెలుసు. చెయ్యడానికి నీలాంటోడు లేడు" అన్నాడు.

సాయంత్రమే పోర్టు దగ్గర పాత కన్వేయరు బెల్టు ముక్క సంపాదించి, కప్పు లోపల సరిగ్గా పట్టేలా 40 మిల్లీమీటర్ల బిళ్ళలు కోసి పేర్చి బిగించాను. రాయి! నైలానుకీ దీనికీ తేడా లేదు. రబ్బరుని నొక్కితే చిన్నదవదు, పక్కకి ఉబ్బుతుంది. దాని ఘనపరిమాణం ఎక్కడికీ పోదు. ఉబ్బడానికి చోటు లేకుండా చుట్టూ ఇనుము కట్టేస్తే మెత్తటి రబ్బరు కూడా ఇనుమే. పైగా బెల్టు లోపల గుడ్డ పొరలుంటాయి, అవి అసలు ఉబ్బనివ్వవు.

బిళ్ళ చుట్టూ ఖాళీ వదలాలి. ఇది రాసుకుని పడుకున్నాను.

జూన్ 1, ఆదివారం

చివరికి కుదిరిన పద్ధతి ఇది. వ్యాన్ల షాక్ అబ్జార్బరు పైకొసలో, రేకుకి అటొకటి ఇటొకటి రబ్బరు బుష్షులు ఉంటాయి చూడండి, రెండు వాషర్ల మధ్య బిగిస్తారు. అచ్చంగా అదే. స్పేర్‌పార్టుల షాపులో నాలుగు బుష్షులు, ఒక్కోటి 45 రూపాయలు. వెడల్పు 36, మెట్టు కాక ఎత్తు 24, ఒక పక్క 24 వెడల్పుతో 3 మిల్లీమీటర్ల మెట్టు.

లేత్ షాపులో 6 మిల్లీమీటర్ల మందం స్టీలు రింగులు రెండు కోయించి, ఒక్కోదాన్ని ఖాళీ కప్పు నడిమధ్యలో పెట్టి నాలుగు చోట్ల వెల్డింగు చుక్కలు వేయించాను. రింగు రంధ్రం 24. రింగుకి అటూ ఇటూ బుష్షులు కూర్చుంటే వాటి మెట్లు రింగు రంధ్రంలోకి దిగి ఎదురెదురుగా తాకుతాయి. మధ్యలోంచి 16 మిల్లీమీటర్ల కొత్త స్లీవు వెళుతుంది, అది ఎక్కడా రింగుకి తగలదు. బుష్షు 36, కప్పు 40, చుట్టూ 2 మిల్లీమీటర్లు ఉబ్బడానికి ఖాళీ.

స్లీవు పొడవు కచ్చితంగా 50 ఉంచాను. బుష్షులూ రింగూ కలిపితే 54. బోల్టు బిగించగానే వాషర్లు స్లీవుకి తగిలి ఆగిపోతాయి, ఒక్కో బుష్షు 2 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉంటుంది. రబ్బరుకి ఎంత ఒత్తిడి ఉండాలో స్లీవు చెబుతుంది, ఎవరి చేతి బలమూ కాదు. మావయ్య కళాసీలలో ఒకడికి ఏ నట్టు కనబడినా పైపు తొడిగి బిగించే అలవాటు ఉంది, వాడు గుర్తొచ్చే ఇలా చేశాను.

వాషర్లు 38 వెడల్పు, మందం 4. రింగు రంధ్రం 24 కాబట్టి రేపు రబ్బరు మొత్తం మాయమైపోయినా వాషరు రింగుకి తగులుకుంటుంది. మోటారు గలగలలాడుతుంది, కానీ సముద్రంలో పడదు. ఈ డైరీలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. రబ్బరు ఏది వాడినా సరే, ముందు ఈ ఇనుము సంగతి చూడండి.

బుష్షు రంధ్రం 14 ఉంటే 16కి పెంచాలి. డ్రిల్లు పెడితే రబ్బరు చుట్టుకుని చింపేస్తుంది. సన్నటి స్టీలు గొట్టం అంచు బయటి వైపు నుంచి ఆకురాయితో పదును పెట్టి, సబ్బునీళ్ళు రాసి, మెల్లగా తిప్పుతూ దించితే జున్ను కోసినట్టు తెగింది. మూడు సరిగ్గా వచ్చాయి, ఒకటి వంకర. ఇంకో 45 రూపాయలు.

మెట్టు దగ్గర రబ్బరు 4 మిల్లీమీటర్లే కదా, పైకీ కిందికీ గట్టిగా ఉండదా అని అనుమానం వచ్చింది. ఉంటుంది. కానీ అవుట్‌బోర్డులో క్రాంకు (పిస్టన్లు తిప్పే కడ్డీ) నిలువుగా ఉంటుంది, పిస్టన్లు ముందుకీ వెనక్కీ కొడతాయి. ప్రతి పేలుడుకీ ఇంజను నిలువు కడ్డీ చుట్టూ మెలి తిరగాలని చూస్తుంది, అదే హ్యాండిల్‌కి వణుకుగా వస్తుంది. అంటే మెత్తదనం కావాల్సింది ముందువెనకల దిశలో. అక్కడ 24 మిల్లీమీటర్ల రబ్బరుంది.

కప్పులకి రంగు వేసి, అల్యూమినియం గూట్లో గ్రీజు బాగా పట్టించి దించాను. బోల్టులకి కూడా గ్రీజు. ఇంజను తల కింద కారకుండా వేసే గ్యాస్కెట్టుని షీటు నుంచి చేత్తో కోశాను. దాని గురించి రాయడానికేం లేదు, ఓపిక ఉంటే వస్తుంది.

జూన్ 8, ఆదివారం

నిన్న డ్రమ్ము. కుర్చీ కదల్లేదు. ఇవాళ వల, మనుషులు ఎవరూ లేకుండా, మావయ్యా నేనూ మాత్రమే జగన్నాథపురం దగ్గర ఉప్పుటేరులో గంటసేపు తిప్పాం. ముందు నెమ్మదిగా, తర్వాత సగం, తర్వాత పూర్తి గ్యాసు, ఆఖర్న ముందుకీ రివర్సుకీ పదిసార్లు. ఠంగు లేదు, డుబ్బుమని మెత్తటి చప్పుడు. హ్యాండిల్ కొస లూజు 12 మిల్లీమీటర్లు. నైలాను పెట్టినప్పటి 4 కన్నా ఎక్కువే, ఉండాలి కూడా.

నెమ్మదిగా తిరిగేటప్పుడు వణుకు కొంచెం ఉంది. స్పీడు పెరిగాక పోతోంది. దీన్ని ఇంకా తగ్గించాలంటే మెత్తటి రబ్బరు కావాలి, మెత్తబడితే పూర్తి గ్యాసులో తల ఎక్కువ వాలుతుంది. మావయ్య చెయ్యి వేసి చూసి "చాలు" అన్నాడు. ఆ చెయ్యి మాటే ఫైనల్.

బోల్టు తలల మీద అత్త గోళ్ళరంగుతో గీతలు గీశాను, తల నుంచి వాషరు మీదికి. గీత విరిగితే బోల్టు కదిలినట్టు. అడిగే తీసుకున్నాను.

పనికొచ్చిన ఖర్చు: బుష్షులు 225, స్టెయిన్‌లెస్ కడ్డీ 350, లేతు, వెల్డింగు 600, గ్యాస్కెట్టు షీటు 120. మొత్తం 1,295. పనికిరానిది దీనికన్నా ఎక్కువని పైన రాశాను కదా.

జూన్ 15, ఆదివారం

నిన్న అర్ధరాత్రితో నిషేధం అయిపోయింది. మావయ్య వెళ్ళాడు. నాకు నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం రెండింటికి బోటు ఒడ్డుకి కొట్టారు. చేపల లెక్క నాకెందుకు, ముందు మూత తీశాను. గీతలు విరగలేదు.

జూన్ 22, ఆదివారం

ఆరు వేటల తర్వాత విప్పి చూశాను. బుష్షులు ఒక్కోటి అర మిల్లీమీటరు దాకా కూర్చున్నాయి, కొత్త రబ్బరు మొదట్లో ఎంతోకొంత కూర్చుంటుంది. ఎడమ వైపువి శుభ్రంగా ఉన్నాయి. కుడి వెనక బుష్షు మాత్రం ముట్టుకుంటే జిడ్డు, కాస్త ఉబ్బింది. వాసన చూస్తే కిరోసిన్.

ఏప్రిల్లో అడగాల్సిన ప్రశ్న ఇప్పుడు అడిగాను. కుడివైపే ఎందుకు? టార్చి వేసి పైకి వెతుక్కుంటూ వెళితే కిరోసిన్ పైపు మోటారుకి తగిలించే కనెక్టరు సరిగ్గా కుడి మౌంటు పైన ఉంది. లోపల ఓ-రింగు (కారకుండా ఆపే రబ్బరు రింగు) చితికి, పైపు పెట్టినప్పుడల్లా నాలుగు చుక్కలు కారుతోంది. మామూలు రబ్బరుకి పెట్రోలూ కిరోసినూ పడవు, పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. పాత మౌంటు కూడా వయసుతో పోలేదన్నమాట, ఈ చుక్కలకి పోయింది. కిరోసినుకి తట్టుకునే నైట్రైల్ రబ్బరు ఓ-రింగు 10 రూపాయలు. మార్చాను. మౌంటు పైన పాత నీళ్ళ డబ్బా నుంచి కోసిన ప్లాస్టిక్ ముక్కని గొడుగులా వంచి బిగించాను, రేపు మళ్ళీ కారినా పక్కకి పోయేలా. ఉబ్బిన బుష్షు తీసి కొత్తది వేశాను.

స్పేరు బుష్షులు నాలుగు, ఒక పాత కందిపప్పు డబ్బాలో పెట్టి బోటులో ఉంచాం. మావయ్య అదే డబ్బాలో తన టైరు బిళ్ళ కూడా వేశాడు. ఇంజనుకి కట్టిన నైలాను తాడు విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

కింది మౌంట్ల పని వచ్చే ఏడాది ఏప్రిల్ 15న.